మోచేతికన్నా ముందు మడమ

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లెక్కడంటే అంకెలే చెబుతారు: నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. లైన్లు తిన్నగా సాగుతాయి, అడ్డరోడ్లు వాటిని కోసుకుంటూ పోతాయి. కోచింగ్ సెంటర్లు పిల్లల్ని వదిలాక దొరికే ఆ కాస్త వెలుగులో ఈ లైన్లలోనే టెన్నిస్ బంతితో క్రికెట్ మొదలవుతుంది. పైన కరెంటు తీగలు, రెండు పక్కలా ప్రహరీ గోడలు, వాటికి ఆనించిన మోటారు సైకిళ్ళు. ఫీల్డింగ్ చేసే కుర్రాడికి చెయ్యి వెనక్కి చాచి, ఒళ్ళు తిప్పి, నిండుగా విసరడానికి చోటెక్కడిది? నడుం ఎత్తున, మోచేతి దగ్గర నుంచి మాత్రమే, పక్కవాటుగా బంతిని కొడతాడు. పది పదిహేను గజాల దూరం. బంతి బరువు 60 గ్రాములు కూడా ఉండదు. ఆ విసురు అక్కడికి చాలు. సందుకు తగ్గ విద్య అది, తప్పు పట్టడానికి లేదు.

చిక్కు తర్వాత వస్తుంది. పన్నెండో ఏట ఆ కుర్రాణ్ణి క్రికెట్ శిక్షణలో చేరుస్తారు. తోలు బంతి వస్తుంది, బరువు 156 గ్రాములకు తక్కువ కాదు. మైదానం వస్తుంది, బౌండరీ గీత అరవై మీటర్ల అవతల. చేతికి తెలిసిన విసురు మాత్రం సందులోదే. బలం చాలక ఇంకా గట్టిగా లాగుతాడు. నెలా రెండు నెలలకు భుజం పట్టేసిందనో, మోచెయ్యి సలుపుతోందనో అంటాడు. ఇంట్లో ఏదో బామ్ రాస్తారు.

శిక్షణలో అతనికి నేర్పేదేమిటో చూడండి. బ్యాటు ఎలా పట్టాలి, ముందు కాలు ఎక్కడ వెయ్యాలి, బంతి సీము ఎటు చూడాలి. బౌలింగుకు పరుగు కొలుస్తారు. విసరడం దగ్గరికొచ్చేసరికి పాఠమంతా రెండు మాటలు: ‘గట్టిగా కొట్టరా’, ‘కీపర్ చేతికి కొట్టరా’. విసరడం పుట్టుకతో వచ్చేదనీ, నేర్పేదేం లేదనీ మన నమ్మకం. ఈ నమ్మకంలో సగం నిజమే. ఆ సగం సంగతి ముందు చెప్పి, అబద్ధమైన సగం దగ్గరికి తర్వాత వస్తాను.

2013 జూన్‌లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. చేసినవారు నీల్ రోచ్, అప్పట్లో బెంగళూరులో పనిచేస్తున్న మధుసూదన్ వెంకటేశన్, మైకేల్ రెయిన్‌బో, హార్వర్డ్‌లోని డేనియల్ లీబర్‌మన్. కాలేజీ స్థాయి బేస్‌బాల్ ఆటగాళ్ళ ఒంటికి గుర్తులు అతికించి, వేగపు కెమెరాలతో వాళ్ళ విసురును చిత్రించారు. భుజానికీ నడుముకీ పట్టీలు బిగించి, కొన్ని కదలికలను అడ్డుకుని మళ్ళీ విసిరించారు. తేలిందేమంటే, చెయ్యి వెనక్కి వాలినప్పుడు భుజం చుట్టూ ఉన్న కండర బంధనాలూ లిగమెంట్లూ సాగి శక్తిని దాచుకుంటాయి. వదిలిన క్షణాన అది ఒక్కసారిగా బయటికొస్తుంది. అప్పుడు జబ్బ ఎముక తన ఇరుసు మీద తాను తిరిగే వేగం సెకనుకు 9,000 డిగ్రీల దాకా పోతుంది. సెకనుకు ఇరవై అయిదు చుట్లన్నమాట. మనిషి ఒంట్లో ఇంతకన్నా వేగమైన కదలిక లేదు.

చింపాంజీ కండబలంలో మనకన్నా ఎక్కువే. అయినా ఎదిగిన మగ చింపాంజీ రాయి విసిరితే వేగం గంటకు 30 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. బేస్‌బాల్ నేర్చిన పన్నెండేళ్ళ పిల్లవాడు దానికి మూడు రెట్లు విసరగలడు. విడిగా తిరిగే పొడుగాటి నడుము, కిందికి దిగి పక్కలకు చూసే భుజాలు, జబ్బ ఎముకలో తగ్గిన మెలిక ఇందుకు కారణం. ఈ మూడూ ఒక్కచోట కనబడడం సుమారు 20 లక్షల ఏళ్ళనాటి హోమో ఎరెక్టస్‌తో మొదలు. వేటకు పనికొచ్చిన ఈ వరం బ్రాడీపేట కుర్రాడికీ, చీరాల పిల్లకీ, బోస్టన్ పిల్లవాడికీ సమానంగానే వచ్చింది.

మరి నేర్పాల్సిందేముంది? వరుస. ఏది ముందు కదలాలి, ఏది తర్వాత కదలాలన్నది.

విసురును మనం చేతి పనిగా లెక్కవేస్తాం. 1974లో జపాన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. ముందుకు అడుగు వెయ్యనీకుండా, మొండెం తిప్పనీకుండా, చేత్తో మాత్రమే విసిరిస్తే బంతి వేగం దాదాపు సగానికి పడిపోయింది. అంటే వేగంలో సగం వాటా కాళ్ళదీ నడుముదీ. కుడిచేతివాడు ఎడమ కాలు ముందుకు చాచి వేస్తాడు. ఆ పాదం నేలను తాకగానే కటి తిరగడం మొదలవుతుంది. అది తిరిగాక మొండెం, మొండెం తర్వాత భుజం. ఈలోగా చెయ్యి కావాలనే వెనకపడుతుంది, ముంజేయి దాదాపు వీపు వైపు పడుకుంటుంది. ఆ తర్వాత మోచెయ్యి తెరుచుకుంటుంది, జబ్బ లోపలికి తిరుగుతుంది, చివర్లో మణికట్టు, వేళ్ళు. పాదం నేలను తాకినప్పటి నుంచి బంతి చెయ్యి దాటేదాకా పట్టే కాలం సుమారు 0.15 సెకను.

జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలేవారి వడిసెలను చూసినవాళ్ళకు ఇది చప్పున బోధపడుతుంది. పిడికిలి దగ్గర తాడు నింపాదిగానే తిరుగుతుంది, కొసనున్న రాయి మాత్రం ఝుమ్మని పోతుంది. విసిరే ఒంట్లో కటి ఆ పిడికిలి, వేళ్ళు ఆ కొస. పిడికిలి టక్కున ఆగినప్పుడే రాయికి ఊపు. ఒంట్లో ఆ ఆగడమనే పని ముందు కాలిది. గట్టిగా నిలబడి, మోకాలు బిగించి, ముందుకు పోతున్న శరీరాన్ని అడ్డుకుంటుంది. అడ్డుకున్న ఊపు పైకి పాకుతుంది. ముందు కాలు మెత్తగా కుంగిపోతే ఊపు అక్కడే ఇంకిపోతుంది. ఆ లోటు చెయ్యి పూడ్చాలి. సందులో నేర్చిన విసురు చేసేది ఇదే: ఒళ్ళంతా పంచుకోవాల్సిన పనిని మోచెయ్యి ఒక్కటే నెత్తిన వేసుకుంటుంది.

ఇంత లోతుగా ఈ సంగతులు తవ్వింది బేస్‌బాల్ లోకం, క్రికెట్ లోకం కాదు. కారణం సూటిగానే ఉంది. బేస్‌బాల్‌లో విసరడమే ఆట. క్రికెట్‌లో బంతి వేసేటప్పుడు విసిరితే నేరం. వంచిన మోచెయ్యిని బంతి వదిలే ముందు 15 డిగ్రీలకు మించి చాపకూడదన్నది 2005 నుంచి అమలులో ఉన్న ఐసీసీ నిబంధన. కెమెరాలతో కొలిచి చూస్తే దాదాపు ప్రతి బౌలరూ మోచెయ్యిని ఎంతో కొంత చాపుతున్నాడని తేలాకే ఈ అంకె వచ్చింది. అంతకుముందు 1995 డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో అంపైర్ డారెల్ హెయిర్ ముత్తయ్య మురళీధరన్ బంతులను వరసగా నోబాల్స్ అన్న రభస పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

గుంటూరుకు ఈ నిబంధన దూరపు చుట్టమేమీ కాదు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు 2019 జనవరి 12న సిడ్నీలో ఆస్ట్రేలియా మీద రెండు ఓవర్ల ఆఫ్ స్పిన్ వేశాడు. బౌలింగ్ తీరు అనుమానంగా ఉందని మ్యాచ్ అధికారులు రాశారు. 14 రోజుల్లో పరీక్షకు హాజరు కాలేదని జనవరి 28న అంతర్జాతీయ క్రికెట్‌లో బౌలింగ్ చేయకుండా నిలిపేశారు. ఆయన బ్యాటుతో బతికిన ఆటగాడు, నష్టమేం లేకపోయింది. కానీ అదే మోచెయ్యిని అదే మైదానంలో కవర్స్ నుంచి ఎంత చాపినా అడిగేవాడుండడు. ఒక ఆటలో మోచేతి చుట్టూ ఇంత చట్టం ఉండి, ఆ మోచేతితోనే చేసే మరో పనికి పాఠమే లేకపోవడం విడ్డూరమనిపిస్తుంది నాకు.

అమెరికా మనకు తెలియని దేశమా అంటే అదీ కాదు. పెన్సిల్వేనియా లూథరన్లు పంపిన ఫాదర్ హేయర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. ఆయన వెనక బడులొచ్చాయి, 1883లో అదే పెన్సిల్వేనియా నుంచి డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి ఆసుపత్రి నిలబెట్టింది, 1885లో ఏసీ కాలేజీకి బీజం పడింది. పిల్లల బేస్‌బాల్‌కు ఇవాళ ప్రపంచమంతా వాడే ‘లిటిల్ లీగ్’ కూడా పెన్సిల్వేనియాలోనే పుట్టింది: 1939లో, విలియమ్స్‌పోర్ట్ ఊళ్ళో, కార్ల్ స్టాట్జ్ చేతిమీదుగా. చదువూ వైద్యమూ గుంటూరులో పాతుకున్నాయి. బేస్‌బాల్ పాతుకోలేదు. స్కూల్ గేమ్స్ జాబితాలో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఉన్నా, వాటికోసం పిల్లల్ని పొద్దున్నే లేపే తల్లిదండ్రులు మన వైపు తక్కువ. ఆట రాకపోతే పోయె, ఆ ఆట పోగుచేసిన తెలివినైనా తెచ్చుకోవచ్చు కదా అన్నదే నా పేచీ.

చిన్నపిల్లలు విసరడం ఎలా నేర్చుకుంటారో మోనికా వైల్డ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1938లోనే మెట్లు మెట్లుగా రాసిపెట్టింది. మొదట రెండు మూడేళ్ళ పసివాడు కాళ్ళు కదపకుండా, ఎదురుగా నిలబడి, మోచేతితో తోస్తాడు. తర్వాత ఒళ్ళు కాస్త తిరుగుతుంది. తర్వాత అడుగు వేస్తాడు, కానీ ఏ చేత్తో విసురుతాడో ఆ వైపు కాలే వేస్తాడు. చివరి మెట్టు మీద ఎదురు కాలు పడుతుంది. వయసొస్తే చాలు అందరూ చివరి మెట్టు ఎక్కేస్తారని లేదు. చూపించేవారు లేక మూడో మెట్టు మీదే ఉండిపోయిన పెద్దవాళ్ళు బోలెడుమంది. మీ ఇంట్లోనే ఒక బంతిచ్చి చూడండి.

ఆడపిల్లలు సరిగ్గా విసరలేరన్న మాటకూ ఇక్కడే జవాబుంది. బాలబాలికల విసురు వేగంలో తేడా చాలా దేశాల్లో పెద్దదే. కానీ 2010లో జెర్రీ థామస్ బృందం ఆస్ట్రేలియా ఆదివాసీ పిల్లలను పరీక్షిస్తే ఆ తేడా బాగా చిన్నదిగా తేలింది. వాళ్ళ సంస్కృతిలో ఆడవాళ్ళూ విసిరేవారే మరి. మన ఆడపిల్లల బడుల్లో త్రోబాల్ ఏళ్ళ తరబడి ఉంది. భుజానికి పైనుంచి, ఒంటిచేత్తో, పట్టిన మూడు సెకన్లలోపు విసరాలన్న ఆట అది. ఎదురు కాలు, నడుం తిప్పడం నేర్పడానికి అంతకన్నా మంచి అదను ఉంటుందా? వ్యాయామం పీరియడ్‌ను లెక్కల మాస్టారు ఎత్తుకుపోకుండా ఉంటే.

నేర్పే పద్ధతికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గోడ చాలు, సుద్దముక్క చాలు. గోడ మీద పిల్లవాడి ఛాతీ ఎత్తున పెద్ద గుండ్రం గియ్యాలి. పిల్లవాడు గోడకు ఎదురుగా కాదు, పక్కకు తిరిగి నిలబడాలి. కుడిచేతివాడైతే ఎడమ భుజం గుండ్రాన్ని చూడాలి. ఎడమ కాలు గుండ్రం వైపు వెయ్యాలి. పక్కకు వేస్తే నడుం ముందే తెరుచుకుంటుంది, చెయ్యి ఒంటరిదైపోతుంది. ఎడమ చెయ్యిని గుండ్రం వైపు చాచి, విసిరే వేళకు చంకలోకి లాక్కోవాలి. కుడి మోచెయ్యి రెండు భుజాల్ని కలిపే గీతకు దిగువకు జారకూడదు. బంతిని సీముకు అడ్డంగా పట్టాలి, తిన్నగా పోతుంది. బేస్‌బాల్ పిల్లలకూ ఇదే పాఠం, వాళ్ళ బంతికి కుట్లు నాలుగు వైపులా కనబడతాయి గనక మరీ పట్టింపు.

బంతి వదిలాక పని అయిపోలేదు. అంత వేగంగా పోతున్న చేతిని ఆపాలి. పెద్దల స్థాయి పిచర్ (బేస్‌బాల్‌లో బ్యాటరుకు బంతి విసిరేవాడు) బంతి వదలగానే చెయ్యి భుజంలోంచి ఊడిపోయేటట్టు లాగే బలం ఇంచుమించు అతని ఒంటి బరువంత ఉంటుంది. దాన్ని పట్టి ఆపేవి భుజం వెనక ఉన్న చిన్న కండరాలు. చెయ్యిని గాలిలోనే బిగబట్టి ఆపేస్తే దెబ్బంతా వాటికే. చేతిని ఎదురు మోకాలి అవతలకు పోనిస్తే, వీపు వంగితే, ఆ భారం పంచుకుపోతుంది. దూరం విసిరేటప్పుడు ముందో చిన్న గెంతు వేయించడం కూడా ఇందుకే. ఆ గెంతు కాళ్ళలో ఊపు నింపుతుంది, చేతికి పని తగ్గిస్తుంది.

ఇవన్నీ ఒక్కరోజే చెబితే పిల్లవాడు కొయ్యబారిపోతాడు. ఒక రోజుకు ఒక్క మాట. అదీ వాడి ఒంటి గురించి కాక, బంతి గురించో గోడ గురించో అయితే మేలు. ‘మోచెయ్యి ఎత్తు’ అనే కంటే ‘బంతిని ఆ గుండ్రం పై అంచుకు తగిలించు’ అంటే పిల్లలు తొందరగా అందుకుంటారు. తన కీళ్ళను గమనించుకుంటూ కదిలేవాడికన్నా, గురిని చూస్తూ కదిలేవాడు మెరుగ్గా నేర్చుకుంటాడని క్రీడా శిక్షణ పరిశోధనలు పదే పదే చూపించాయి. బంతి తేలికగా ఉండాలి, దూరం తక్కువగా ఉండాలి. లిటిల్ లీగ్‌లో పన్నెండేళ్ళలోపు పిచర్ 14 మీటర్ల దూరం నుంచి విసురుతాడు, పెద్దలది 18.44 మీటర్లు. మనవాళ్ళు పదేళ్ళవాడి చేతికీ 20.12 మీటర్ల పిచ్చే ఇస్తుంటారు.

పద్ధతి ఎంత చక్కనిదైనా ఒక హద్దుంది. ఆ హద్దు ఎముకల్లో ఉంది.

మోచేతి లోపలి వైపు తడిమితే ఒక బొడిపె తగులుతుంది. అక్కడినుంచి ముంజేతికి ఒక లిగమెంటు ఉంది, మన చిటికెన వేలికన్నా చిన్నది. విసురులో చెయ్యి వెనక్కి వాలినప్పుడు మోచెయ్యిని విప్పదీసేటట్టు లాగే మెలిబలం పెద్ద పిచర్లలో సుమారు 64 న్యూటన్ మీటర్లని అలబామాలోని గ్లెన్ ఫ్లైసిగ్ బృందం 1995లో లెక్కకట్టింది. ఆ లిగమెంటు ఒంటరిగా తట్టుకోగలిగేది అందులో సగమే. మిగతాది ముంజేతి కండరాలు మోస్తాయి. కండరాలు అలిసిపోతే? భారం లిగమెంటు మీద పడుతుంది. 1974 సెప్టెంబరులో టామీ జాన్ అనే పిచర్‌కు తెగిన ఈ లిగమెంటు స్థానంలో, రెండో చేతి స్నాయువును తీసి కుట్టాడు డాక్టర్ ఫ్రాంక్ జోబ్. టామీ జాన్ మళ్ళీ ఆడి, 1989 దాకా బంతి విసిరాడు. ఆ శస్త్రచికిత్సకు ఆటగాడి పేరే స్థిరపడింది.

పిల్లల్లో కథ వేరు. వాళ్ళ లిగమెంటు గట్టిదే. ఆ బొడిపెను ఎముకకు అతికించే పెరుగుదల పలక ఇంకా మృదులాస్థి. పదిహేను, పదిహేడేళ్ళ మధ్య గాని అది గట్టి ఎముకగా కలిసిపోదు. లాగుడంతా ఆ మెత్తని అతుకు మీదే. మరీ లాగితే బొడిపె ఎముక నుంచి విడివడుతుంది. 1960లో బ్రాగ్డన్, క్రో అనే ఇద్దరు వైద్యులు దీనికి ‘లిటిల్ లీగర్స్ ఎల్బో’ అని పేరు పెట్టారు.

అందుకే బేస్‌బాల్ వాళ్ళు బంతులు లెక్కపెడతారు. 2007 నుంచి లిటిల్ లీగ్‌లో ఇది నిబంధన: ఏడెనిమిదేళ్ళవాడికి రోజుకు 50 బంతులు, తొమ్మిది పదేళ్ళకు 75, పదకొండు పన్నెండేళ్ళకు 85. పద్నాలుగేళ్ళలోపువాడు ఒక రోజు 66 బంతులు దాటితే నాలుగు రోజులు పిచింగ్‌కు దూరం. ఈ అంకెల వెనక రక్తమాంసాల లెక్కలున్నాయి. 481 మంది బాల పిచర్లను పదేళ్ళపాటు వెంబడించిన అధ్యయనం 2011లో వచ్చింది. ఏడాదికి 100 ఇన్నింగ్స్ దాటినవారికి పెద్ద గాయమయ్యే అవకాశం మూడున్నర రెట్లని తేలింది. అంతకుముందు 2006లో, గాయపడి శస్త్రచికిత్స దాకా వెళ్ళిన కుర్రాళ్ళను గాయపడనివాళ్ళతో పోల్చి చూశారు. చెయ్యి అలిసినా తరచూ విసిరినవారికి ముప్పు 36 రెట్లు. వేగం, శైలి, వంకర బంతులు అన్నిటికన్నా పెద్ద దోషి అలుపే.

చేతికి హద్దుందనడానికి పెద్ద ఉదాహరణ పిచర్ కుమార్ రాకర్. తల్లి లలిత భారత సంతతి అమెరికన్. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఒకే ఆటలో 19 మందిని స్ట్రైకౌట్ చేసి, ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 2021లో న్యూయార్క్ మెట్స్ ఎంపిక చేసి, వైద్య పరీక్షల్లో చెయ్యి చూసి ఒప్పందం మానుకుంది. ఆ ఏడే భుజానికి శస్త్రచికిత్స, 2023లో మోచేతికి టామీ జాన్. చివరికి 2024 సెప్టెంబరులో టెక్సస్ రేంజర్స్ తరఫున పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. అత్యుత్తమ శిక్షణ, అత్యుత్తమ వైద్యం ఉన్నచోట సంగతి ఇది. 2008లో ఒక పోటీలో మెరిసి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌లో చేరిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్ళు. విసరడం వచ్చినవాళ్ళే కాబట్టి నెలల్లోనే పిచింగ్ పట్టుబడింది, కానీ ఇద్దరిలో ఎవరూ పెద్ద లీగ్ దాకా పోలేకపోయారు. రింకూను గాయాలు వెనక్కి లాగాయి, తర్వాత అతను కుస్తీ రంగంలోకి వెళ్ళిపోయాడు.

మన శిక్షణ శిబిరాల్లో బౌలింగ్ ఓవర్లు అక్కడక్కడా లెక్కవేస్తున్నారు. ఫీల్డింగ్ సాధనలో ఒక్కో పిల్లవాడు బౌండరీ నుంచి ఎన్నిసార్లు విసిరాడన్న లెక్క ఎవరి దగ్గరా కనబడదు. ఉదయం నెట్స్, సాయంత్రం మ్యాచ్, ఆదివారం సందులో టోర్నమెంటు: మూడు చోట్లా అదే చెయ్యి. శిక్షకులు ఒక నోటుపుస్తకం పెట్టి ఆ లెక్క రాయాలి. ఏడాదిలో కొన్ని నెలలు ఆ చేతికి సెలవివ్వాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు మోచేతి లోపలివైపు నొప్పి అంటే, లేదా నిన్నటిదాకా కొట్టిన దూరం ఇవాళ కొట్టలేకపోతున్నాడంటే, బామ్ రాసి మర్నాడు మళ్ళీ మైదానానికి పంపకండి. విసరడం ఆపించి, ఎముకల డాక్టరుకు చూపించండి.